మూడో గడి

ట్రెపాసీలో చేపల ఫ్యాక్టరీ మూసేసిన ఏడు
యంత్రాలతో పాటు ఆంబ్రోస్ చెవులూ ఆగిపోయాయి.
ఇరవై రెండేళ్లు ఐసు మర పక్కన నిలబడ్డందుకు
కంపెనీ చేతిలో పెట్టిన డబ్బుతో
పడవ కొంటాడనుకున్నాను.
స్కానర్ కొన్నాడు.

"నాకెలాగూ వినపడదు, నువ్వు విను" అన్నాడు.

అలా మొదలైంది నా రాత్రి కొలువు.
వంటింటి బల్ల మీద, రొట్టెల డబ్బా పక్కన
అరచేయంత నల్ల పెట్టె.
వినడమే గాని పలకడం ఎరగదు.
నెత్తిన ఓ పచ్చ దీపం.
ఆకాశంలో ఎక్కడైనా మాట తగిలితే
అంకెల పరుగు ఆగి, దీపం వెలుగుతుంది.
నేను రాస్తాను. పుస్తకంలో మూడు గడులు:
ఎప్పుడు, ఏ నంబరు మీద, ఎవరు.

మా పొగమంచు మీదుగా ఐర్లండు వైపు పోయేవాళ్లు
ముప్పై ఏడు వేల అడుగుల మీద కుదుపులంటాడొకడు,
మాంట్రియల్ మళ్లీ ఓడిందా అని ఇంకొకడు.
ఒక డచ్చి ఆవిడ గొంతు, ఎప్పుడూ జలుబు చేసినట్టే.
పొద్దున్నే ఓట్స్ జావ చల్లారిపోతున్నా
ఆంబ్రోస్ ఇవన్నీ పైకి చదువుతాడు,
తనకు వినపడదు గనక
వీధంతటికీ వినపడేలా.

ఎవరూ మాట్లాడని రాత్రులుంటాయి.
ఖాళీ పేజీ చూస్తే అతని మొహం
కేప్లిన్ చేప ఒడ్డుకు రాని జూన్ నెల.
అందుకని కల్పించాను.
మొదట ఒక్కటే. లిస్బన్ నుంచి ద్రాక్షపళ్లు తెచ్చే సరకు విమానం.
తర్వాత చెయ్యి తిరిగింది.
ఒక పైలట్‌కు పంటి నొప్పి తెప్పించి
నాలుగు రాత్రులు తగ్గనివ్వలేదు.
డచ్చి ఆవిడ జలుబు నేనే నయం చేశాను.

మొన్న మంగళవారం, రెండూ నలభైకి,
కిటికీ అద్దానికి మంచు ముఖం ఆనించి ఉండగా
ఏనాడూ ఎవరూ పలకని నంబరు మీద
మగో ఆడో తేలని గొంతు.
పేరు చెప్పలేదు, ఎత్తు చెప్పలేదు, తొందర లేదు.
"కింద ఒక వంటిల్లు కనిపిస్తోంది" అంది.
కాసేపాగి,
"బల్ల దగ్గర ఎవరో రాస్తున్నారు."

నా పెన్సిల్ ఆగింది.

"ఆపేశారు" అంది.

అంతే. మళ్లీ గురగుర.
తలుపు తీసి చూశాను. మా కంచే నాకు కనపడలేదు.
అబద్ధాలకు అలవాటుపడ్డ చెవి
చివరికి తనంతట తనే వినడం మొదలెడుతుందా?
ఉన్నదున్నట్టు రాశాను. మూడో గడి వదిలేశాను.

పొద్దున ఆంబ్రోస్ పైకి చదవలేదు.
"బ్రైడ్, ఇది నువ్వు అల్లింది" అన్నాడు.
"మిగతావో?" అన్నాను, పెదాలు కనిపించేలా.
నవ్వాడు.
"నిద్రపట్టనప్పుడు మెట్ల మీద కూర్చుంటాను.
మాట వినపడకపోతేనేం, దీపం కనపడుతుందిగా.
పంటి నొప్పి వారం ఒక్కసారీ వెలగలేదు.
అయినా వాడికి తగ్గితే బాగుండనిపించింది."

"మరి రాత్రి?"

"రాత్రీ మెట్ల మీదే ఉన్నాను.
వెలగలేదు."

పొయ్యి మీద కెటిల్ కూస్తోంది.
అతనికి వినపడదు, నేనే లేవాలి.
లేవలేదు.
ఆంబ్రోస్ చాకుతో పెన్సిల్ చెక్కాడు,
మూడో గడి మీద మొన పెట్టాడు,
చాలాసేపు అలాగే ఉండి
ఏమీ రాయకుండా పుస్తకం నావైపు జరిపాడు.

ఈ రాత్రి రెండో కుర్చీ వేశాం.
నేను వింటున్నాను, అతను దీపాన్ని చూస్తున్నాడు.
కిటికీ తెర తీసే ఉంచమన్నాడు.
మళ్లీ ఎవరైనా చూస్తే
ఇద్దరని చెప్పాలిగా.